వెనక గదిలో కదిలిన బాణం

వెనక గది మంచిది కాదు... పరాయి దేశంలో, పాయింట్ కుక్ అనే చోట, అద్దె గది చూడ్డానికొచ్చిన ప్రతి స్టూడెంట్‌కీ ఆ ఇంట్లోవాళ్ళు ముందు ఈ మాటే చెప్పేవారట. రాత్రిళ్ళు పక్కనెవరో కూర్చున్నట్టుంటుందని. ఇంట్లో పెద్ద కిటికీ, ఎండ ఉన్న గది అదొక్కటే!

ప్రార్థన అయింది కదా, పిల్లలూ, కుర్చీలు దగ్గరికి లాక్కోండి. ఆ ఇంట్లోనే ఉన్న కార్తీక్ నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

హెలెనా అని కాకినాడ అమ్మాయి. నర్సింగ్, ఆఖరి సంవత్సరం. భయపడకుండా ఆ గది తీసుకుంది. పరీక్షల మధ్యలో వాళ్ళమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఈ పిల్ల వెళ్ళలేకపోయింది. పక్కన ఎండ రాని గదిలో ఉండే డేనీ ఆమె కంప్యూటర్‌లో లైవ్ పెడితే, భూస్థాపన ఆ తెర మీదే చూసింది.

వారం తిరగలేదు. ఒక రాత్రి కంప్యూటర్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది...

తెర మీద మౌస్ బాణం కదిలింది.

దానంతటది.

ఖాళీ పేజీ తెరుచుకుంది. ఒక్కో అక్షరమే పడుతోంది —

"పండూ..."

అది వాళ్ళమ్మ పిలుపు. ఆ రోజు లైవ్‌లో బంధువులంతా ఏడుస్తూ అన్న పేరు.

"ఈ గదిలో ఉండకమ్మా... ఇంటికొచ్చెయ్."

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. చివరికి కార్తీక్‌కి చెప్పింది.

"మీ అమ్మగారికి టైపింగ్ వచ్చా?" అన్నాడతను.

"రాదు. ప్రభువు దగ్గర నేర్చుకుందేమో" అందట పాపం.

ఆ రాత్రి ఇద్దరూ లైటార్పి కూర్చున్నారు. బాణం కదిలింది. హెలెనా అతని చెయ్యి పట్టుకుంది.

"బయటి నుంచి ఎవరైనా ఇందులోకొస్తే తెలిసిపోతుంది... ఉండు." గుసగుసగా అని, నల్ల విండో తెరిచి ఏదో కొట్టాడు.

రిమోట్ సెషన్ — యాక్టివ్.

కింద అవతలి కంప్యూటర్ పేరు. డేనీ.

గోడవతల కిసుక్కున నవ్వు...

"జోక్ బ్రో!" ల్యాప్‌టాప్ పట్టుకునే వచ్చాడు డేనీ. "లైవ్ పెట్టిన రోజు నా ల్యాప్‌టాప్ నుంచి నీ కంప్యూటర్‌లోకి తెరిచిన దారి మూయలేదు, అంతే. దెయ్యం లేదుగా, హ్యాపీ కదా! భలే నమ్మావ్ హెలెనా!"

ఆమె అరవలేదు. ఏడవనూ లేదు.

"కోర్సు మానేస్తున్నానని ఇవాళ మధ్యాహ్నమే యూనివర్సిటీకి రాసేశాను డేనీ. వీసా కూడా రద్దు చెయ్యమన్నాను. అమ్మ రమ్మంది కదా..."



డేనీ తలెత్తి గదంతా చూశాడట. మంచం... అలమర... ఆ పెద్ద కిటికీ...

తర్వాత మెల్లగా అడిగాడు.

"అయితే... గది ఎప్పుడు ఖాళీ చేస్తున్నావ్?"