అవ్వ కాళ్లకాడ పెట్టిన లైనర్లు

నార్కట్‌పల్లి చౌరస్తా దాటి నల్లగొండ తొవ్వకు మళ్లంగనే ఎడమ పక్కకు ఏసోబు షెడ్డు. పాత జీపులకు ఆయన పెట్టింది పేరు. ఇంజను మీద స్క్రూడ్రైవర్ ఆనిచ్చి, పిడి చెవుకు పెట్టుకొని, లోపల ఏం రోగమున్నదో చెప్పేటోడు. పనిమంతుడే, కాదనొద్దు. కానీ పని ముంగట మనిషి ఆయన కండ్లకు ఆనకపోయేది. గదే ఆయనకు పట్టిన శని.

కొల్లాపూర్ దిక్కు నుంచి తుక్కు కింద ఒక పాత విదేశీ జీపు తెచ్చుకున్నడు. గుట్టలు, వాగులు ఏదన్నా ఎక్కే బండి. ఇంజను బ్లాకు అల్యూమినియంది. అండ్ల నాలుగు బోర్లు, ఒక్కో బోరుల పిస్టన్ ఆడే ఇనుప గొట్టం. దాన్నే లైనరంటరు. పాతయి అరిగిపోతే కొత్తయి తెప్పిచ్చిండు. అయి ఎక్కియ్యాల్నంటే బ్లాకును వేడి చెయ్యాలె, లైనర్లను ఐసుల పెట్టాలె. సల్లవడ్డ ఇనుము వెంట్రుకవాసంత ముడుసుకపోయి, సుత్తె దెబ్బ లేకుంటనే బోరులకు దిగుతది.

గా వారమే ఆయన తల్లి సైదమ్మ సచ్చిపోయింది. ముసల్ది ఎండకాలంల గూడ సలి సలి అనేది. పోయే ముందు దినం "కొడుకా, జర దుప్పటి కప్పు" అని అడిగితే, "మండుటెండల నీకు దుప్పటేందే" అని కసిరి షెడ్డుకు పోయిండు. తెల్లారేసరికి పానం లేదు. దుబాయిల ఉన్న చెల్లె మల్లిక వచ్చేదాంక శవాన్ని ఉంచాలె. శవాలు పెట్టే ఫ్రీజర్ పెట్టెలు కిరాయికిచ్చే దశరథం పక్కింట్లనే ఉంటడు. ఆయన ఒక పెట్టె తెచ్చి నడింట్ల పెట్టి, కరెంటు కలిపి పోయిండు.

రెండో దినానికి ఏసోబు చేతులు ఊకుండలే. ఊర్ల ఐసుగడ్డంత సోడాబండ్లోళ్లు ఊడ్చుకపోయిండ్రు. సూడనీకి వచ్చినోళ్లు లేసిపోయినంక పెట్టె మూత లేపిండు. అవ్వ కాళ్లకాడ నాలుగు లైనర్లు పేర్చి, పైన తెల్లబట్ట కప్పిండు. అప్పుడే పెట్టె సూసిపోదమని దశరథం వచ్చిండు.

"ఏందిర ఏసోబు గిది? తల్లి పక్కన ఇనుము పెడతవా?"

"సల్లగున్నది కదా మామా. ముసల్దానికి జాగ ఏమన్న తక్కువైతాందా?"

"సచ్చినోళ్ల సలి ఊకెనే పోదుర."

"నీ పెట్టెకేం గాదు, ఫికర్ జెయ్యకు" అని నవ్విండు ఏసోబు. కన్నతల్లి శవం ముంగట నవ్వినోన్ని ఏమనాలె? దశరథం ఎల్లిపోయిండు.

మల్లిక వచ్చినంక ముసల్దాన్ని బొంద పెట్టిండ్రు. మర్నాడే ఈయన లైనర్లు ఎక్కిచ్చిండు. తక్కిన మూడు బిగువుగ కూసున్నయి. మూడో బోరుది మాత్రం బ్లాకు సల్లారినంక గూడ వేలు ఆనిస్తే కదిలింది. ఢీలా ఉన్నదని తెలుసు. తీసి మళ్ల చెయ్యాలె. "నడుస్తది తియ్" అనుకొని మూత బిగిచ్చిండు.

పదిదినాలు గడిచినయి. ఏసోబుకు లేక లేక పుట్టిన ఒక్క బిడ్డ గ్లోరీ. పరీక్ష రాసి మిట్టమధ్యాహ్నం నడుసుకుంట వచ్చి, గడపల్నే కూలవడ్డది. వడదెబ్బ. ఒళ్లు పెనం తీరుగ కాలుతాంది. ఆయన పెండ్లాం ఎస్తేరు కరువుపనికి పోయింది. 108కు ఫోన్ కొడితే గంట పడతదన్నరు. గంటల పిల్ల ఉంటదో పోతదో! సాయానికి ఎవ్వలు లేక ఏసోబే బిడ్డను ఎత్తుకపోయి జీపుల ఎనక సీటు మీద పండవెట్టిండు. నల్లగొండ పెద్ద దవాఖాన ఇర్వై కిలోమీటర్లు.

సగం దూరం బండి సల్లగ నడిసింది. అటెన్క వేడి ముల్లు పైకి లేవవట్టింది.

టక్.

ఏసోబుకు స్క్రూడ్రైవర్ అక్కెర లేకపోయింది. మూడో బోరు. వేడికి అల్యూమినియం బ్లాకు సాగుతది, ఇనుము అంత సాగది. పట్టు తప్పిన లైనరు పిస్టన్‌తోని పైకీ కిందికీ ఆడుతాంది. తను చేసిన పనే. ఆపితే మళ్ల స్టార్ట్ అయితదో కాదో అని తొక్కుడు ఆపలే.

టక్... టక్...

"నాయినా" అన్నది గ్లోరీ మెల్లగ.

"వచ్చినం బిడ్డా."

"సలి పెడతాంది."

ఏసోబుకు పానం లేసొచ్చింది. జరం దిగుతాందని సంబురపడ్డడు. అద్దాలకెల్లి వడగాలి కొడతాంది. కానీ ఆయన మెడ ఎనక సల్లగ తగిలింది. కాలిన ఆయిల్ వాసన రావాల్సిన కాడ ఇంకో వాసన వచ్చింది. అగర్బత్తి, వాడిన పూలు, మూత తీసిన పెట్టె...

టక్. టక్. టక్.

"నాయినా... జర దుప్పటి కప్పు."

గొంతు పిల్లదే. మాట పిల్లది కాదు.

వేడి తగ్గితే సప్పుడు ఆగుతది. సప్పుడు ఆగితే గిది గూడ ఆగుతది... ఉతారు రాంగనే తాళంచెవి తిప్పి ఇంజను ఆపిండు. బండి ఊకెనే జారుతాంది. ఇంజను సచ్చింది. పిస్టన్లు ఆగినయి.

టక్... టక్... టక్...

"నాయినా" అని గుసగుసగ అన్నది. "నా కాళ్లకాడ ఇనుము తగుల్తాంది. తియ్యి."

ఎనకకు సూసిండు. సీటు మీద పిల్ల తప్ప ఏం లేదు. పెదవులు నల్లవడ్డయి. నోట్లకెల్లి పొగ వస్తాంది, పొద్దుగాల మంచుల వచ్చినట్టు.

"తీస్త బిడ్డా... తీస్త. తప్పైంది అవ్వా. నా బిడ్డను ఇడిసిపెట్టు."

తాళం తిప్పిండు. ఎట్లనో స్టార్ట్ అయింది. ఉన్న దూరమంత ఏడ్సుకుంటనే తోలిండు. దవాఖాన గేటుకాడ గూడ "ఇంకెంత దూరం నాయినా" అన్నది గ్లోరీ. గా మాట ఆయన చెవులార ఇన్నడు.

స్ట్రెచర్ మీద పండవెట్టి, దుప్పటి కప్పి లోపలికి తీస్కపోయిండ్రు. డాక్టరమ్మ స్వరూప నాడి పట్టింది. కంటి రెప్ప లేపింది. తర్వాత ఏసోబును పైనుంచి కిందికి సూసింది.

"ఎప్పుడు చనిపోయింది?"

"సచ్చుడేంది మేడం? గిప్పుడే గేటుకాడ మాట్లాడింది."

ఆమె ఏసోబు చెయ్యి పట్టి పిల్ల దండచెయ్యి మీద పెట్టింది. రాయి. ఎంటికలల్ల తెల్లగ పేరుకున్న మంచు కరిగి, సుక్క సుక్క నేల మీద పడతాంది.

"అబద్ధం చెప్పకు. ఫ్రీజర్ పెట్టెలకెల్లి తీసి అరగంట గూడ కాలేదు. ఎన్ని రోజులు పెట్టిండ్రు ఈ పిల్లను?"

నర్సమ్మ కాళ్ల మీది దుప్పటి తీసింది.

రెండు కాళ్ల బొటనవేళ్లు కలిపి, శవానికి కట్టినట్టు, తెల్లబట్ట పేలికతోని గట్టిగ ముడేసి ఉన్నయి. బండిల పండవెట్టినప్పుడు గా కాళ్లకు పట్టీలు తప్ప ఏం లేకుండె.