మైసయ్య తెచ్చిన చీర

చందానగర్‌లోని ఆ కిరాయి ఇంట్లో పొద్దున్నే కుక్కర్ కూత పెట్టింది. రజిత అత్త కనకమ్మ కోసం మెత్తటి జావ డబ్బాలో పోస్తోంది. మామ సాయిలు సెక్యూరిటీ డ్యూటీ చొక్కా ఒళ్లో పెట్టుకుని, గడప దగ్గర కూర్చున్నాడు.

పక్షవాతంతో కుడి పక్క పడిపోతే కనకమ్మను హైటెక్ సిటీ దగ్గరి పెద్ద ఆసుపత్రిలో చేర్పించారు. మొన్న అక్కడి డాక్టర్లు ఇక తమ పని అయిపోయిందన్నారు. రజిత ఆమెను లింగంపల్లిలో ఇంకోచోట చేర్చింది. సాయిలుకు తెలిసిన అర్థం ఒక్కటే. పెద్ద దవాఖాన బయటికి పంపిందంటే ఆశ వదులుకోవాల్సిందే. ఎవరికీ చెప్పకుండా బావమరిది మైసయ్యకు ఫోన్ చేసి, కడసారి చూపుకు రమ్మన్నాడు.

ఆ మైసయ్యే ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డాడు. చేతి సంచిలో పసుపు చీర. ఆడకూతురు పోతే ఆఖరున కప్పే చీర పుట్టింటి నుంచే రావాలి. అది చూసి రజిత చేతిలో గరిటె ఆగిపోయింది.

“ఏంది మామా ఇది? అత్త బతికుండంగనే తెప్పిస్తివా?”

“మంచిగైతే ఇంటికే పంపుతుండిరి గద బిడ్డా,” అన్నాడు సాయిలు.

“పెద్ద దవాఖానల పానం కాపాడిండ్రు. మింగుడు, నడుచుడు మల్ల నేర్పే దవాఖాన వేరే ఉంటది. నెలలు పడ్తది. గందుకే ఆడ చేర్పించిన. నన్ను ఒక్క మాట అడగకపోతివి.”

సాయిలు తల దించుకున్నాడు. జావ డబ్బా తీసుకుని ముగ్గురూ లింగంపల్లి దవాఖానకు ఆటో ఎక్కారు.

అక్కడ పొడవాటి గదిలో, రెండు కమ్మీల నడుమ కనకమ్మ నిలబడి ఉంది. తెల్లకోటు అమ్మాయి ఒకతె ఆమె నడుం పట్టుకుని, కుడికాలు ముందుకు వేయమని బతిమాలుతోంది. కాలు వణికింది, ఈడ్చుకుంటూ కదిలింది. మంచంలో చూస్తాననుకున్న మనిషిని కాళ్ల మీద చూసి, సాయిలు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

కనకమ్మ తమ్ముణ్ణి చూసింది. అతను వెనక్కి దాచుకుంటున్న చీరనూ చూసింది. పండుగా పబ్బం లేకుండా అదెందుకొచ్చిందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

“సాగనంప... వచ్చినవారా?” వంకరపోయిన మూతిలోంచి మాట ముక్కలుగా వచ్చింది. మైసయ్య భోరుమన్నాడు. ఆమె మూతి ఒక పక్క నవ్వింది. “దాసి పెట్టు. ఇంటికి పోయేనాడు... కట్టుకుంట.”

సాయిలు ఇన్నేళ్లలో కోడలికి ఒక మంచి మాట చెప్పి ఎరుగడు. మైసయ్య దగ్గర చీర తీసుకుని, మడత చెదరకుండా రజిత చేతుల్లో పెట్టాడు.

“నీ దగ్గర్నే ఉండనియ్యి బిడ్డా,” అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. “గా రోజు మీ అత్తకు నువ్వే కట్టాలె.”