జీవితం ఇస్తానన్న పెద్దమనిషి

"యమునా, నీకు నేను కొత్త జీవితం ఇస్తాను!"

విజయనగరం స్టేషన్లో కుండపోతగా వాన కురుస్తుంటే ధర్మేంద్ర అన్న మాట ఇది. పాపం, అద్దం ముందు ఎన్నిసార్లు రిహార్సల్ చేసుకున్నాడో! ఇద్దరూ శ్రీకాకుళంలో ఒకే కాలేజీ లెక్చరర్లు. పొద్దున ఇక్కడి యూనివర్సిటీ సెమినార్లో యమున ప్రసంగిస్తుంటే ముందు వరుసలో కూర్చుని ఆమెనే చూశాడు. విన్నదెక్కడ?

యమున చివ్వున తలెత్తింది. "పొద్దున నేనేటి సెప్పానో ఇన్నావా?"

"నూట ముప్ఫై ఏళ్ల కిందటి కథలు... అందులో వితంతువులు..."

"ఆ కథల్లో మొగుడు పోయిన పిల్లకి నుయ్యే గతి. నేదంటే ఒక పెద్దమనిషొచ్చి ఉద్దరిస్తాడు. పెద్ద స్పీచిచ్చి తాళి కడతాడు. సప్పట్లన్నీ ఆడికే! నీకిష్టమేనా అని ఆ పిల్లని ఒక్కడూ అడగడు. నువ్వూ ఆ బాపతేనా?"

ధర్మేంద్ర చూపు పట్టాల మీదికి మళ్లింది.

"మా ఆయన పోయిన్నాడు మా అత్త దాలమ్మ నా గాజులు తీసీసింది. మొన్న మా సెల్లి పెళ్లికి పసుపు దంచుదామని లేస్తే, మాయమ్మే సెయ్యి పట్టుకుని ఆపీసింది. నాకు జీవితం ఉన్నాది ధర్మేంద్రా. దాన్నే ఎవులూ బతకనివ్వట్లేదు."

ఆమె ఏడుస్తోంది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నీకివ్వడానికి నాకాడ ఏటీ నేదు. మాయమ్మకి సెప్పడానికే బయం," అన్నాడు. "కానీ నువ్వు కాలేజీకి రాని రోజు నాకేటీ తోసదు. నన్ను సేసుకుంటావా?"

"ముందు మీయమ్మకి సెప్పు."

ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. సంగతంతా విని అవతల తల్లి జగ్గమ్మ అడిగింది.

"మొగుడు పోయిందాన్నా? పున్నెం సేద్దామనేటిరా?"

"కాదమ్మా. యమునంటే నాకు పేణం."

"అయితే ఈ గుమ్మం తొక్కకు."

ఫోన్ కట్టయింది. దూరంగా రైలు కూత వినిపించింది.

"ఇప్పుడడుగు," అంది యమున.

"ఇందాకే అడిగాను కదా?"

"నన్ను సేసుకుంటే నీకేటి పోద్దో ఇప్పుడు తెలిసింది. మళ్లీ అడుగు."

"నన్ను... సేసుకుంటావా?"

"సేసుకుంటాను."

పెళ్లిచూపుల్లో గానీ, తాళి కట్టేటప్పుడు గానీ, గాజులు తీసేటప్పుడు గానీ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. జవాబు చెప్పడం ఇదే మొదలు.