వినబడని ఊపు

"చీపురుపల్లిలో బండి ఎప్పుడు ఆగుతుంది?"

"దానికి ఆగాలనిపించినప్పుడు."

కోడ్ వర్డ్ కలిసింది. ఏజెంట్ ఉపేంద్ర వెయిటింగ్ హాల్ బెంచీ మీద కూలబడ్డాడు. కూలబడ్డమే మరి, కూర్చోడం ఏనాడో మానేశాడు పాపం. ఎన్ని దేశాలు, ఎన్ని గోడలు దూకాయో ఆ మోకాళ్ళు! ఇప్పుడు ప్లాట్‌ఫారం మెట్లెక్కినా కలుక్కుమంటున్నాయి.

పక్కన పల్లీలు ఒలుచుకుంటున్న పెద్దమనిషి చీఫ్ తిరుమలరావు.

"టార్గెట్ జగన్నాధం గారు. మన రాడార్ సైంటిస్టు. రేపు సాయంత్రం నరసన్నపేటలో మనవరాలి పెళ్లి ఊరేగింపు. ఊరేగింపులో ఎక్కడో బాంబు ఉంటుంది. ఎక్కడో తెలీదు."

"ఆయన్ని వెళ్ళొద్దనండి."

"చెప్పాం. మనవరాలి పెళ్లి మానేసి బతికేం చేస్తానయ్యా అన్నాడు."

"ఆయన కారుకి జామర్ ఉంటుందిగా. ఫోనుతో, రేడియోతో పేల్చలేరు."

"అందుకే పాటతో పేలుస్తున్నారు."

ఉపేంద్ర కళ్ళు మూసుకున్నాడు. ఇంకేం మిగిలింది వినడానికి!

చీఫ్ విడమరిచి చెప్పాడు. డీజే ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ సింథసైజర్ ఉంటుంది. అందులో ఎల్‌ఎఫ్‌ఓ అని ఒకటి. దాని శబ్దం మనిషి చెవికి ఆనదు. అది వినబడే శబ్దాన్ని వెనకనుంచి ఊపుతుంది. ఉయ్యాల్లో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఏడుపు ఇటొచ్చి అటు పోయినట్టుంటుంది చూడండి, ఆ ఉయ్యాల ఊపే చెయ్యి లాంటిది ఎల్‌ఎఫ్‌ఓ. ఆ ఊపు ఒక వేగం దాటి నిలకడగా నడిచిందంటే, బాంబులోని మైకు దాన్ని గుర్తుపట్టేస్తుంది. అంతే.

"ఆ విదేశీ ముఠా లోపల మన మనిషి ఉంది. సుహాసిని."

"ఆవిడ వాళ్ళ మనిషి కదా?"

"అదీ నిజమే," అని చీఫ్ చెవి మిషన్ ఒకటి చేతిలో పెట్టాడు. "ఊపు పెరిగితే ఇది చెవిలో గిల్లుతుంది."

"ఇదే ఆఖరిది సార్."

"పోయినసారీ ఇదే అన్నావు."

* * *

మర్నాడు సాయంత్రం ఉపేంద్ర వేషం, భుజాన ట్యూబ్‌లైట్ల చట్రం మోసే కూలీ. వేషానికి రంగూ మీసమూ అక్కర్లేకపోయింది. ఆ అలసిన మొహం చూసి ఎవరూ అనుమానించలేదు.

డీజే వ్యాను మీద కీబోర్డు ముందు సుహాసిని. తళుకుల చీర, నల్లకళ్ళద్దాలు. పెళ్లికొచ్చిన కుర్రాళ్ళ చూపులన్నీ అటే. పక్కనే వీడియో తీసేవాడి వేషంలో డెనిస్, విదేశీ ముఠా నాయకుడు. కెమెరా సంచిలో పిస్తోలు, ఎవర్నీ నమ్మడు గనక దాని మూతి సుహాసిని నడుముకి. తెల్లోడొచ్చి మన పెళ్లి వీడియో తీస్తన్నాడని ఊరంతా మురిసిపోతోంది.

డెనిస్ పెళ్లికొడుకు వైపు తిరిగిన క్షణంలో సుహాసిని వంగింది.

"ఓ లైట్ల బావా! వెలుగు కాస్త ఇటు తిప్పు."

"తిప్పాను. చెప్పు," అన్నాడు గొణుగుతూ.

"ఎల్‌ఎఫ్‌ఓని సింక్‌లో పెట్టాను. డప్పుకి మైకు తగిలించి ఉంది. డప్పు ఎంత వేగమైతే ఊపు అంత వేగం. పాటా డప్పూ కలవకపోతే జనం పసిగడతారని డెనిస్‌కి చెప్పాను. నమ్మాడు."

"అసలెందుకు పెట్టావు?"

"డప్పు మనవాళ్ళ చేతిలో ఉంటుంది గనక. కానీ బజారు జంక్షన్‌లో స్పీడు పెంచమని కుర్రాళ్ళకి ఎక్కించాడు. నా చేతులు కట్టేసినట్టే. నువ్వే ఏదో చెయ్యి బావా. నాకూ విసుగొచ్చేసింది."

జంక్షన్ కనబడుతూనే ఉంది. "ఒరే అసిరయ్య మావా, ఏసుకో దెబ్బ!" అని కుర్రాళ్ళు ఈలలు. డప్పుల పెద్ద అసిరయ్య చెయ్యి జోరందుకుంది. ఉపేంద్ర చెవిలో మిషన్ గిల్లింది.

డప్పు ఆపమంటే పెళ్లిలో ఎవడు ఆపుతాడు? మన డప్పు దేనికి ఆగుతుంది?

తట్టింది. లైట్ల చట్రం పక్కవాడి మీదకి నెట్టి పరిగెత్తాడు. మోకాళ్ళు తిట్టుకున్నాయి. జంక్షన్‌కి ముందు తాళం వేసిన ఇల్లు, దాని పక్కింటి గుమ్మంలో ఊరేగింపు చూడ్డానికి నిలబడ్డ ముసలావిడ గున్నమ్మ.

"అమ్మా, ఒక దీపం ఇయ్యవా."

"సుబమా అని పెళ్లొస్తంటే దీపమేటి బాబూ? ఎవులు పోనారు?"

"మా అమ్మ."

ఆవిడ దేవుడి దగ్గర దీపం తెచ్చి చేతిలో పెట్టింది. తాళం వేసిన ఇంటి అరుగు మీద దీపం పెట్టి, తలమీద తువ్వాలు కప్పుకుని ఉపేంద్ర గొంతెత్తాడు.

"అమ్మా! నన్నొదిలి పోయావే అమ్మా!"

మొదట నటనే. ట్రైనింగులో నేర్పిన ఏడుపే. రెండో కేకకి ఏదో తెగింది. తరవాతిది ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలీదు.

అసిరయ్య చెయ్యెత్తాడు. డప్పులన్నీ ఒక్కసారిగా ఆగాయి. డప్పు కోసం ఎదురుచూస్తూ ల్యాప్‌టాప్‌లో ఊపు కూడా ఆగింది. పాట ఊపు లేకుండా, గీత గీసినట్టు ఒకే ఊళగా మిగిలింది.

"ప్లే! కొట్టు! ఫాస్ట్!" డెనిస్ అరిచాడు.

"సావింటి ముందు డప్పు కొట్టమంటావేట్రా? నీకు అమ్మా అయ్యా లేరేటి?" అన్నాడు అసిరయ్య.

డెనిస్‌కి ఏమీ అర్థం కాలేదు. సంచి వదిలేసి ల్యాప్‌టాప్ మీద పడ్డాడు. సింక్ తీసేశాడు. ఊపు వేగం పెంచే రేట్ నాబ్ తిప్పాడు. ఊళ వణకడం మొదలైంది. ఉపేంద్ర చెవిలో మిషన్ గిల్లడం మాని కరిచింది. అప్పటికే కుర్రాళ్ళు వ్యానెక్కారు. "సావుని గౌరవించనోడు మన పెళ్లికెందుకురా!" అని కాలరు పట్టి కిందకి ఈడ్చారు. నడుముకి పిస్తోలు లేదని తెలిసిన మరుక్షణం సుహాసిని జనరేటర్ వైరు పీకేసింది.

చెవిలో మిషన్ నోరు మూసుకుంది.

బాంబు జగన్నాధం గారి కారు బానెట్ మీద, బంతిపూల దండల కింద దొరికింది. ఆయన మాత్రం కార్లో లేరు. ఎప్పుడు దిగారో, చెప్పులు విడిచి అరుగు ముందు చేతులు జోడించి నిలబడ్డారు.

డెనిస్‌ని జీపెక్కించారు. పెళ్లివారు వేరే వీధిలోంచి సాగిపోయారు. ఉపేంద్ర ఇంకా అరుగు మీదే ఉన్నాడు. గున్నమ్మ కాఫీ గ్లాసు తెచ్చి పక్కన చతికిలబడింది.

"శవమేదిరా? అమ్మ ఎప్పుడు పోనాది?"

"ఆరేళ్ళయిందమ్మా."

"మరిప్పుడేడుస్తన్నావేటి?"

"అప్పుడు డ్యూటీలో ఉన్నాను. సెలవు దొరకలేదు."

గున్నమ్మ అతని మొహం చూసింది. తువ్వాలు కొస తీసి ఆవిడే తుడిచింది.

"అయితే కాపీ తాగి, మిగిలింది కూడా ఏడిసెయ్ నాయినా. మళ్ళీ ఎప్పుడు కుదురుతాదో ఏటో."

ఆ వీధిలోనే నిలిచిపోయిన కారు జామర్ ఆపడం ఎవరికీ గుర్తులేదు గనక ఆ సాయంత్రం చీఫ్ ఫోను రాలేదు. ఉపేంద్ర ఉద్యోగంలో అదే మొదటి సెలవు.