మెట్టు పక్కన బూట్లు

ఆ సాయంత్రం వెర్నా అడిగిన చోటల్లా కాదన్నారు. పెద్ద దుకాణం ముందు రాత్రిపూట బండ్లు నిలపకూడదని కొత్త బోర్డు పెట్టారు. లారీలు ఆగే బంకులో సందు లేదు. చక్కెర దుంపల కోతల కాలం కదా, ఆ చుట్టుపక్కల లారీలన్నీ అక్కడే ఉన్నాయి. రహదారి పక్కన విశ్రాంతి స్థలానికి గొలుసు వేసేశారు. అమెరికాలో మోంటానా రాష్ట్రం తూర్పు కొసన అక్టోబరు పొద్దు ఇలా వాలిందంటే అలా చీకటి పడిపోతుంది. ఇక లాభం లేదనుకుని, మంచం, పొయ్యి అన్నీ ఉన్న తన పాత ఆర్‌వీ బండిని పశువుల దాణా కొట్టు ముందు ఆపి లోపలికి వెళ్లింది.

వెర్నా ఒకప్పుడు స్కూలు బస్సు నడిపిన మనిషి. భర్త ఎల్మర్ పోయాక ఇల్లు అమ్మేసి, ఆ బండినే ఇల్లు చేసుకుంది. అద్దె తీసుకునే శిబిరాల్లో రోజూ దిగే స్తోమతు ఆమెకు లేదు. ఊరికే బండి పెట్టుకోనిచ్చే చోటు దొరికితేనే ఆ బతుకు సాగుతుంది. పైగా అక్క ఆర్డిస్‌కి మాటిచ్చి ఉంది. "ఒక్క రాత్రి భయపడ్డానని ఫోను చేశావో, ఆ డొక్కు అమ్మేసి మా ఇంటికి వచ్చెయ్యాలి. కింద గది నీదే," అంది ఆర్డిస్. కింద గదంటే నేలమాళిగ. కిటికీలోంచి గడ్డి వేళ్లు తప్ప ఏమీ కనబడవు. ఆ గది తలుచుకునే వెర్నా ఇన్నాళ్లూ ఎక్కడా భయపడలేదు.

"రాత్రికి బండి పెట్టుకోడానికి ఇక్కడెక్కడైనా చోటుందాండీ? తెల్లారగానే వెళ్లిపోతాను," అని అడిగింది.

గల్లా దగ్గరున్న ముసలాయన నవ్వాడు. "చోటుకేం తల్లీ! మోంటానా అంతా చోటే. మనుషులకే కరువు. ఊరవతల పాత సంత మైదానం ఉంది, పెట్టుకో. ఎవరూ ఏమీ అనరు." అని, గల్లా సొరుగు మూస్తూ అడిగాడు. "ఒక్కదానివేనా?"

"అబ్బే! మా ఆయన బండిలో పడుకున్నాడు. పొద్దుట్నుంచీ ఆయనే నడిపాడు."

"హమ్మయ్య. ఇద్దరైతే పర్లేదు. ఒక్కదానివే అయితే వద్దనేవాణ్ణి."

"ఎందుకని?"

"ఎందుకులే తల్లీ, ఇద్దరున్నారుగా," అంటూ ఆయన దీపాలు ఆర్పడానికి లేచాడు.

అబద్ధం చెప్పినవాళ్లకు ఇదే చిక్కు. ఆ తర్వాత అడగవలసిన అసలు ప్రశ్న నోట్లోనే ఉండిపోతుంది. 'నేను ఒక్కదాన్నేనండీ, సంగతేమిటో చెప్పండి' అని ఒక్క మాట అంటే సరిపోయేది. వెర్నా అనలేదు.

ఆ అబద్ధం ఆమెకు నేర్పింది, తనలాగే మొగుడు పోయి బండిలో తిరిగే మ్యాక్సీన్. అరిజోనా ఎడారిలో పక్కపక్కన బండ్లు పెట్టుకున్న చలికాలంలో చెప్పింది. "చూడవే, ఆడదానివి ఒంటరిగా తిరుగుతున్నావు. ఎవడడిగినా మొగుడున్నాడను. రాత్రి మొగుడి బూట్లు మెట్టు పక్కన పెట్టు, ముక్కులు తలుపు వైపుకి ఉండాలి. అప్పుడే మనిషి లోపలికి వెళ్లినట్టు కనిపిస్తుంది. ఎవడైనా తలుపు తట్టాడా, మొగుణ్ణి కేకేసి పిలువు. బతికున్నన్నాళ్లూ వండి పెట్టాం, పోయాక ఆ మాత్రం సాయం చెయ్యరేంటి!" అని పకపకా నవ్వింది. ఒంటరిగా తిరిగే ఆడవాళ్లందరూ చేసేదదే.

సంత మైదానంలో ఎవరూ లేరు. ఖాళీ పశువుల దొడ్లు, విరిగిన బల్లలు, జెండా లేని జెండా స్తంభం. కుళ్లిన దుంపల తీపి కంపు గాలిలో కొట్టుకొస్తోంది. దిగకుండానే పారిపోవడానికి వీలుగా వెర్నా బండి ముక్కు రోడ్డు వైపు పెట్టుకుంది. ఎల్మర్ బూట్లు మెట్టు పక్కన పెట్టింది. ఎడమ బూటు ముక్కు అరిగిపోయి ఉంటుంది. మోకాలు దెబ్బతిన్నాక ఎల్మర్ ఒక అడుగు వేసి, రెండోది ఈడ్చేవాడు.

సూపు డబ్బా ఒకటి వేడిచేసుకుని నిలబడే తాగింది. మంచం మీద తన వైపునే పడుకుంది. ఎల్మర్ వైపు దిండు ఎప్పట్లాగే నలగకుండా ఉంది.

జెండా స్తంభం తాడు ఇనుముకి తగులుతూ టంగు... టంగుమంటోంది. ఆ చప్పుడు వింటూనే నిద్రపోయింది.

చప్పుడు ఆగిపోతే మెలకువ వచ్చింది.

బయట గులకరాళ్ల మీద ఎవరో నడుస్తున్నారు. బరువైన అడుగులు. మెట్టు దగ్గర మొదలై బండి చుట్టూ తిరుగుతున్నాయి. బూట్ల అడుగులు. ఎల్మర్ బూట్ల చప్పుడు ఆమెకు తెలియదా! గుండె ఒక్క క్షణం ఆశపడింది కూడా. మంచం దిగి, తలుపు దగ్గరికి వచ్చి చెవి ఒగ్గి విన్నది.

ఈ నడకలో ఈడ్పు లేదు. రెండడుగులూ సమంగా పడుతున్నాయి.

అడుగులు మెట్టు దగ్గరికి వచ్చి ఆగాయి. బండి తలుపు వైపుకి కొద్దిగా ఒరిగింది. బండిలో బతికేవాళ్లకి ఆ ఒరగడం తెలుసు. ఎవరో మెట్టెక్కారు.

వేలిగోటితో తట్టిన చప్పుడు.

"అమ్మా..." గుసగుస. "చలిగా ఉంది... ఒక్కణ్ణే ఉన్నాను... లోపల చోటుందా?"

ఆ గొంతులో బెదిరింపు లేదు. అదే ఆమెను కలవరపెట్టింది. ఎన్ని రాత్రులు తను అదే మాట, అదే గొంతుతో దిండుకి చెప్పుకుందో! చెయ్యి దానంతటదే గడియ వైపు వెళ్లింది.

చప్పున వెనక్కి లాక్కుంది. మ్యాక్సీన్ మాట గుర్తొచ్చింది. గట్టిగా కేకేసింది.

"ఎల్మర్! లే! బయట ఎవరో వచ్చారు!"

మెట్టు మీద బరువు దిగిపోయింది. బండి మళ్లీ నిటారుగా నిలబడింది. 'వెళ్లిపోయాడు' అనుకుని ఊపిరి వదిలింది.

అప్పుడు బండి వెనక వైపుకి ఒరిగింది.

మంచం స్ప్రింగులు కిర్రుమన్నాయి.

"వస్తున్నా..." అంది చీకట్లోంచి ఆ గుసగుసే.

వెర్నా తిరిగి చూడలేదు. డ్రైవరు సీట్లోకి ఎలా దూకిందో ఆమెకే తెలియదు. మెట్టు మడవకుండానే, బూట్లు అక్కడే వదిలేసి, బండి ఉరికించింది. వెనకెక్కడో అల్మారా తలుపు ఒకటి తెరుచుకుని కొట్టుకుంటోంది. అద్దం మాత్రం చూడలేదు. చూస్తే నడపలేనని తెలుసు.

తూరుపు తెల్లబారే వేళకి ఒక పెట్రోలు బంకు దీపాలు కనిపించాయి. వాటి కింద ఆపి, ధైర్యం తెచ్చుకుని వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. ఎల్మర్ వైపు దిండు మధ్యలో గుంట పడి ఉంది.

తలుపు లోపల, చాప మీద, ఎల్మర్ బూట్లు. పచ్చి మట్టితో. ముక్కులు మంచం వైపు.

తాళంచెవి లాక్కుని కిందికి దూకింది. బండి తలుపు మూసి తాళం వేసింది. దూరంగా, దీపం స్తంభం కింద నిలబడి ఫోను చేసింది.

"అక్కా... భయపడ్డానే. వచ్చేస్తున్నా."

"చెప్పానా లేదా!" ఆర్డిస్ గొంతు నిద్రమత్తులోనూ గెలిచినట్టే మోగింది. అంతలోనే మెత్తబడింది. "ఏడవకే పిచ్చిదానా. గది దులిపి పెడతాలే. కానీ మంచం చిన్నది. ఒక్కదానివేగా?"

"ఒక్కదాన్నే," అనబోయింది వెర్నా.

అవతల, తాళం వేసిన బండి డ్రైవరు వైపుకి మెల్లగా ఒరిగింది.

పిడికిట్లో తాళంచెవి ఉండగానే, హారను మోగింది. రెండుసార్లు, పొట్టిగా... దుకాణంలో ఆలస్యం చేసిన భార్యను మొగుడు పిలిచినట్టు.