బతక్కూడని ఫోను

బోర్డు మీద ‘ఫోన్ హాస్పిటల్’ అని ఉంటుంది. వీధిలో వాళ్ళు మాత్రం మార్చురీ అంటారు. లోపలికి వెళ్ళిన ఫోను ప్రాణంతో తిరిగి రావడం ఎవరూ చూడలేదు మరి. తెర పగిలిందని ఇస్తే మాట పోయేది, మాట పోయిందని ఇస్తే ప్రాణమే పోయేది. షాపు కుర్రాణ్ణి అందరూ డాక్టరనే పిలుస్తారు. అది గౌరవం కాదని అతనికీ తెలుసు. ఏ జబ్బుతో వచ్చినా ముందు స్క్రూలన్నీ విప్పేయడం, తర్వాత ఏది ఎక్కడిదో మర్చిపోవడం. ఇదీ అతని వైద్యం.

అలాంటి చోటికి బేకరీ ఆయన కూతురు వాన తుంపరలో పరుగెత్తుకొచ్చి, కౌంటరు మీద ఒక పాత ఫోను పెట్టింది.

“ఆన్ అవడం లేదు.”

డాక్టరు ఆమె ముక్కు మీది మైదా చుక్కను చూస్తూ నిలబడిపోయాడు.

“ఫోను ఇక్కడుంది,” అందామె బల్ల మీద వేలితో తట్టి.

“ఆఁ... చార్జింగ్ పెట్టి చూశారా?”

“లేదండీ, పాలు పట్టి చూశాం.”

“వేరే చార్జర్‌తో?”

“ఇంట్లో ఉన్నవన్నీ అయ్యాయి. పవర్ బటన్ నొక్కీ నొక్కీ మా నాన్న బొటనవేలు వాచింది. ఫోను ఆయనదే. కొత్తది కొనమంటే దీనికేం రోగం అంటాడు. ఇప్పుడొచ్చింది రోగం.”

డాక్టరుకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మనస్సాక్షి అడ్డొచ్చింది. “నిజం చెప్పాలంటే, ఎదురు షాపాయన నాకంటే బాగా చేస్తాడండీ.”

“తెలుసు. అందుకే మీ దగ్గరికొచ్చాను.”

ప్రేమలో పడ్డవాడికి చెవులు పనిచేస్తాయి గానీ, వాటి మధ్య ఉన్నది పనిచేయదు. ఎదురు షాపును కాదని నా దగ్గరికొచ్చింది అనుకుని మురిసిపోయాడు వెర్రినాగన్న.

అసలు సంగతి వేరు. ఆమెకో సంబంధం వచ్చింది. కార్ల షోరూం వాళ్ళబ్బాయి. పెళ్ళిచూపుల్లో గంటసేపు తన కారు గురించి చెప్పాడు, పిల్ల పేరు మాత్రం అడగలేదు. తండ్రికి అతను తెగ నచ్చాడు. ఆ అబ్బాయి తల్లి ఈ వారంలో ఇదే నంబరుకు ఫోన్ చేసి ఖాయం చేస్తానంది. దొరక్కపోతే వాళ్ళు ఇంకో గుమ్మం చూసుకునే రకం. తండ్రికి ఎదురు చెప్పే ధైర్యం లేక, కూతురు చార్జింగ్ పెట్టే రంధ్రంలో మైదాపిండి ముద్ద కుక్కింది. బాగుచేయించుకు రమ్మని తండ్రి పంపితే, వెతికి వెతికి వీధిలోకెల్లా చేతకానివాణ్ణి పట్టుకుంది.

మర్నాడు వచ్చి, “పోయిందా?” అని ఆశగా అడిగింది.

“అయ్యో, అంత మాటనకండి. ఇంకా చూస్తున్నా.”

“వచ్చినవన్నీ విప్పి పారేస్తారటగా? దీన్ని విప్పలేదేం?”

“మీది కదా... భయమేసింది.”

ఆమె అతన్ని వింతగా చూసింది. బయట వాన ఊపందుకుంది.

“మా మామయ్య ఫోను నేనే బాగుచేశాను,” అన్నాడు. “ఇప్పుడాయన ఎవరికి చేసినా మా అత్తయ్యకే పోతోంది. నాతో మాటల్లేవు.”

ఆమె కౌంటరు పట్టుకుని నవ్వింది. తన తప్పు తాను చెప్పుకునే మగాణ్ణి ఆమె ఇదివరకు చూడలేదు. వాళ్ళింట్లో బన్ను మాడినా తప్పు పొయ్యిదే. వాన ఎప్పుడు వెలిసిందో ఇద్దరూ గమనించలేదు.

భయం ఎంతటివాణ్ణయినా వైద్యుణ్ణి చేస్తుంది. స్క్రూ ముట్టుకోవడానికి చేతులాడక, డాక్టరు టార్చి వేసి రంధ్రంలోకి తొంగిచూశాడు. ఎండిన పిండి! సూదితో మెల్లగా గీకాడు, బ్రష్షుతో దులిపాడు, వైరు పెట్టాడు. కాసేపటికి తెర వెలిగింది. ఎగిరి గంతేస్తే నెత్తికి అలమర తగిలింది.

వారం చివరి రోజున ఆమె గుమ్మం ఎక్కగానే, “బతికింది!” అని అరిచాడు. “పిండి ఇరుక్కుందండీ. బేకరీ కదా, ఎగిరి పడుంటుంది.”

“ఎగిరి పడలేదు. నేనే కుక్కాను!” సంబంధం సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. “ఇవాళ్టితో వారం గడిచిపోయేది. ఇన్నేళ్ళూ రాని పని నీకు ఇప్పుడే రావాలా?”

అతను నోరు తెరిచేలోపే ఫోను మోగింది. అబ్బాయి తల్లి.

డాక్టరు ఫోను వంకా ఆమె వంకా చూసి మెల్లగా అడిగాడు. “చంపేయనా? నాకొచ్చిన పనదొక్కటే.”

ఆమె చెయ్యి చాచి, ఆగి, ఊపిరి పీల్చుకుంది. “వద్దు. ఇటివ్వు.”

“నమస్కారమండీ, నేను అమ్మాయినే. మీ అబ్బాయి మంచివాడే. కానీ అతనికి ఆ కారునే ఇచ్చి చేయండి. ఇద్దరూ సుఖంగా ఉంటారు.”

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే, గుమ్మంలో గొడుగు మడుస్తూ తండ్రి.

“ఆ మాట నాతో అనలేకపోయావా?”

“నువ్వు అననిస్తేగా, నాన్నా!” అంది. తల దించలేదు.

ఆయన బల్ల మీద గీకిన పిండి పెచ్చులు చూశాడు. డాక్టరు చెవులు ఎర్రబడటం చూశాడు. కూతురి కళ్ళు మాటిమాటికీ ఎటు పోతున్నాయో కూడా చూశాడు.

“ఇది నువ్వే బాగుచేశావా?”

“అవునండీ.”

“నువ్వా?”

“నాకూ నమ్మకం కుదరడం లేదండీ.”

తండ్రి ఫోను జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

“మా పిండి కలిపే మెషిను ఆగిపోయింది. రేపు పొద్దున్నే వచ్చి చూడు. స్క్రూ ముట్టుకున్నావో, చెయ్యి విరుస్తా.”

“అదేంటి నాన్నా, మెషిను బాగానే ఉందిగా?” అంది కూతురు.

“రేపటికి చెడిపోతుందిలే,” అన్నాడాయన, గొడుగు విప్పుకుంటూ.