ఉప్పు మామిడి, నూట అరవై

"ఏడు రోజులుగా మా అమ్మమ్మ నెత్తిన మజ్జిగ పోస్తున్నారు. బీపీ మాత్రం నూట అరవై దిగనంటోంది. ఆ మజ్జిగేదో మాకిస్తే పులుసు పెట్టుకునేవాళ్లం కదా, డాక్టరు గారూ!"

గోకుల్ గుమ్మంలో గొడుగు దులిపాడు. త్రిశూర్‌లో ఆయుర్వేద వైద్యశాల బయట కర్కిటక మాసపు వాన కుండపోత.

"నెత్తిన కాదు, నుదుటి మీద. మందులు కాచిన మజ్జిగ. పులుసు పెట్టుకుంటే రెండు రోజులు బాత్రూమ్ వదలరు" అంది శ్యామిలి.

"తిడుతున్నారా, మందు రాస్తున్నారా?"

"ఇక్కడ రెండూ కలిపే ఇస్తాం."

చెక్క బల్ల మీద అమ్మమ్మ మాధవియమ్మ కళ్ల మీద దూదితో పడుకుంది. నుదుటి మీద మజ్జిగ ధార పడుతోంది. ధార పడేటప్పుడు నోరెత్తకూడదన్న నియమం ఆవిడకి తప్ప అందరికీ వర్తిస్తుంది.

గోకుల్ సోలార్ పలకలు బిగిస్తాడు. వానల్లో పని లేదు కాబట్టి అమ్మమ్మ డ్యూటీ. రోజూ పోట్లాడతాడు. ఆ పోట్లాట కోసం శ్యామిలి రోజూ కాటుక దిద్దుకుంటోంది.

ఇవాళ ఆఖరి రోజు. బీపీ దిగుంటే సెలవే. దిగలేదంటే, ఇంకో వారం! శ్యామిలి గుండెల్లో చెండ డోళ్ల మేళం మొదలైంది. 'మరో ఏడు రోజులు' అని రాయబోయి ఆగింది. అసలెందుకు దిగలేదు?

"రోజూ వేసుకునే బీపీ మాత్రలు?"

"నేనే ఇస్తున్నా."

"మందు గంజిలో ఉప్పు?"

"ఒక్క రవ్వ వెయ్యట్లేదు."

"నంజుకోవడానికి?"

"ఉప్పు మామిడి!" బల్ల మీంచి జవాబొచ్చింది. "అది లేకుండా గంజి ఎవరి గొంతు దిగుతుందమ్మా? పూటకి మూడు. వీడే జాడీలోంచి తీసిపెడతాడు, బంగారు తండ్రి. రెండు అప్పడాలు కూడా."

గోకుల్ మొహం తెల్లబోయింది. "అంటే... నేనేనా?"

"మీరే."

ఊరుకుంటే ఇంకో వారం వస్తాడు. శ్యామిలి కూర్చున్న కొమ్మనే నరుక్కుంది. "ఇంకో వారం ధార అక్కర్లేదు. మామిడి, అప్పడాలు మానిపించండి. మాత్రలు మాత్రం ఆపొద్దు. వారం తర్వాత మీ దగ్గర్లోనే బీపీ చూపించుకోండి."

"అయితే రేపు రానక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"రావాలనుంటే? శ్యామిలీ, నేనొకటి చెప్పాలి..."

"ఆగరా!" అమ్మమ్మ దూది పీకి లేచి కూర్చుంది. మజ్జిగ ముక్కు మీదుగా కారుతోంది. "కర్కిటకంలో శుభం మాటలెత్తుతారట్రా ఎవరైనా? వచ్చే నెల చింగం రానీ. తొమ్మిది రోజులేగా!"

గోకుల్ గబగబా తువ్వాలు అందించాడు.

శ్యామిలి తువ్వాలుతో ఆవిడ నుదురు తుడిచింది. "అమ్మమ్మా, వైద్యానికి ఈ నెలే మంచిదంటారు కదా?"

"అవును మరి."

"అయితే ఇది నాకు వైద్యమనుకోండి." గోకుల్ వైపు తిరిగింది. "మీరు చెప్పండి. తొమ్మిది రోజులు నేనాగలేను."

గోకుల్ చెప్పాడు. వాన హోరులో సగమే వినబడింది.

"మళ్లీ చెప్పండి" అంది శ్యామిలి.